సలాడ్ పళ్లెం పక్కకు నెట్టే ముందు

పాశ్చాత్య పద్ధతిలో భోజనం పెట్టే రెస్టారెంట్లో మనవాళ్లు కూర్చున్న బల్లను గమనించండి. రొట్టెల బుట్ట ఖాళీ అయిపోతుంది, సూపు గిన్నె ఖాళీ అయిపోతుంది, సలాడ్ పళ్లెం మాత్రం సగం కెలికి పక్కకు నెట్టేసి ఉంటుంది. "ఆకులూ అలములూ తినడానికా ఇంత డబ్బు పోసింది?" అని ఎవరో ఒకరు అంటారు కూడా. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. చాలా చోట్ల వచ్చే సలాడ్ అలాగే ఉంటుంది మరి: నీళ్లోడుతున్న లెట్యూస్ ఆకు, ఎరుపు తప్ప రుచి లేని టమాటా ముక్క, సీసాలోంచి ఒంపిన తెల్లటి డ్రెస్సింగ్, అంటే సలాడ్‌కు పట్టించే రసం. కానీ శ్రద్ధగా చేసిన సలాడ్‌లో వంటగది పనితనం బయటపడినంతగా మరే పళ్లెంలోనూ బయటపడదు. కూరలోనైతే కారం, మసాలా, మంట కలిసి కూరగాయ లోపాన్ని కప్పిపుచ్చుతాయి. వాడిపోయిన ఆకును కాపాడే పోపు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అందుకే కొత్త రెస్టారెంటుకు వెళ్లినప్పుడు నేను మొదట సలాడ్ తెప్పిస్తాను. అది బాగుంటే మిగతా భోజనం మీద నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా అమెరికా రెస్టారెంట్ల గురించి. సలాడ్‌ను భోజనంలో ఒక విడి వంతుగా వడ్డించే అలవాటు అక్కడ బాగా పాతుకుపోయింది. హైదరాబాద్, బెంగళూరు, విశాఖపట్నంలోని ఇటాలియన్, మధ్యధరా వంటల రెస్టారెంట్లకు వెళ్లేవారికి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు దాని వరుస తెలుసుకోండి

మన విస్తరిలో పప్పు ముందు, మజ్జిగ చివర. ఆ వరుస తప్పితే భోజనం చేసినట్టే ఉండదు. పాశ్చాత్య భోజనంలో సలాడ్‌కూ అలాంటి స్థానమే ఉంది, కాకపోతే దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ముఖ్య వంటకానికి ముందు వస్తుంది. పుల్లగా, చల్లగా, కరకరలాడుతూ ఆకలిని లేపడం దాని పని. ఫ్రాన్స్‌లో సంప్రదాయ పద్ధతిలో మాంసం వంటకం తర్వాత, చీజ్‌కు ముందు, నూనె, వెనిగర్ కలిపిన ఉత్త పచ్చి ఆకులు వస్తాయి. అక్కడ దాని పని బరువైన తిండి తర్వాత నోటిని తేలిక చేయడం. వెనిగర్ పులుపు వైన్ రుచిని చెడగొడుతుందని, అందుకే దాన్ని వెనక్కి జరిపారని కూడా అక్కడివాళ్లు చెబుతారు. ఇటలీలో మాంసంతో పాటు పక్కన గానీ, ఆ తర్వాత గానీ పెడతారు.

దీనివల్ల మీకు ఒరిగేది ఏమిటంటే, ఏ సలాడ్ ఎంత తినాలో ముందే తెలుస్తుంది. అమెరికన్ మెనూలో సలాడ్‌లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి చిన్న పళ్లెంలో భోజనానికి ముందు వచ్చేది. రెండోది చికెన్, గుడ్డు, చేప వంటివి చేర్చి అదే పూర్తి భోజనంగా పెట్టేది. ధర చూస్తే తేడా తెలుస్తుంది. పెద్ద సలాడ్ తెప్పించుకుని, దాని తర్వాత ఇంకో వంటకం కూడా తినాలనుకుంటే కడుపు ఒప్పుకోదు. పెద్దది ఒకటి చెప్పి, ఇద్దరికీ రెండు పళ్లాల్లో సర్దమని అడగండి. చాలా చోట్ల వంటగదిలోనే రెండుగా విడదీసి తెస్తారు. కొన్ని చోట్ల అందుకు కొంత అదనంగా తీసుకుంటారు, ముందే అడగడం మేలు.

మెనూలో పేరును ఒప్పందంలా చదవండి

సలాడ్‌ల పేర్లు ఊరికే పెట్టినవి కావు. ప్రతి పేరు వెనుకా ఫలానా వస్తువులు, ఫలానా పద్ధతి అన్న మాట ఉంది. ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నది చూడటమే సలాడ్‌ను ఆస్వాదించడంలో సగం.

సీజర్ సలాడ్‌నే తీసుకోండి. దాదాపు ప్రతి మెనూలోనూ ఉండేదీ, ఎక్కువ చోట్ల నిరాశపరిచేదీ ఇదే. ఇటలీలో పుట్టిన సీజర్ కార్డినీ మెక్సికో సరిహద్దు పట్టణం టిహువానాలోని తన రెస్టారెంట్లో 1924లో దీన్ని మొదలుపెట్టాడని ప్రసిద్ధి. అప్పట్లో అమెరికాలో మద్యనిషేధం. తాగడానికి, తినడానికి కాలిఫోర్నియా జనం సరిహద్దు దాటి వెళ్లేవారు. అసలు పద్ధతిలో రోమెయిన్ లెట్యూస్ ఆకులను ముక్కలు చేయకుండా నిలువుగా అలాగే పెట్టేవారు, తినేవారు కాడ పట్టుకుని చేత్తోనే తినేవారు. ఇప్పటికీ కొన్ని రెస్టారెంట్లలో దీన్ని బల్ల దగ్గరే కలిపి ఇస్తారు. మెనూలో ఆ మాట కనబడితే ఇంకేమీ ఆలోచించకుండా చెప్పేయండి, ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి చూడండి. వెయిటర్ చెక్క గిన్నెలో వెల్లుల్లిని, ఉప్పులో ఊరిన యాంకోవీ చేపను ఫోర్కు వెనుక భాగంతో మెత్తగా నూరతాడు. గుడ్డు సొన, ఆవాల ముద్ద, నిమ్మరసం వేసి కలుపుతూ ఆలివ్ నూనెను సన్నటి దారంలా పోస్తాడు. ముందు పలచగా విడిపోయినట్టున్నది కాస్త కాస్తగా చిక్కబడి, గిన్నె గోడకు అంటుకునేలా తయారవుతుంది. అప్పుడు చల్లటి ఆకులు, ఆ పైన వెల్లుల్లి నూనెలో వేయించిన రొట్టె ముక్కలు, తురిమిన పార్మేజాన్ చీజ్. తినేటప్పుడు ఆకు నడిమి ఈనె పుటుక్కున విరగాలి, వెనకాలే ఉప్పు, పులుపు రావాలి. రొట్టె ముక్క పైన కాస్త నాని లోపల కరకరలాడాలి. ఇవేవీ లేకుండా మయొనైజ్ పూసిన ఆకులు, డబ్బాలోంచి తీసిన రొట్టె ముక్కలు, రంపపు పొట్టు లాంటి చీజ్ వస్తే అది పేరుకే సీజర్.

కాబ్ సలాడ్ హాలీవుడ్‌లోని బ్రౌన్ డెర్బీ రెస్టారెంటుది, దాని యజమాని రాబర్ట్ కాబ్ పేరుతోనే నిలిచింది. 1930లలో వచ్చింది. లెట్యూస్, చికెన్, వేయించిన బేకన్ (పంది మాంసం), ఉడికించిన గుడ్డు, అవొకాడో, టమాటా, రోక్‌ఫోర్ట్ అనే నీలి మచ్చల చీజ్, అన్నీ సన్నగా తరిగి పళ్లెంలో వరుసలు వరుసలుగా పేరుస్తారు. ఇది ముందు తినే సలాడ్ కాదు, దీనితో భోజనం అయిపోయినట్టే. వరుసలు చూడముచ్చటగా ఉన్నాయని వాటిని అలాగే ఒక్కొక్కటిగా తింటే ఉపయోగం లేదు. ఒకసారి చూసి, మొత్తం కలిపేయండి. ప్రతి ఫోర్కులోనూ కనీసం మూడు రుచులు పడాలి.

వెడ్జ్ సలాడ్ అంటే ఐస్‌బర్గ్ లెట్యూస్ గడ్డను నాలుగుగా కోసి, ఒక భాగాన్ని అలాగే పళ్లెంలో నిలబెట్టి, మీద బ్లూ చీజ్ డ్రెస్సింగ్, బేకన్ పొడి, టమాటా ముక్కలు వేసేది. అమెరికా స్టీక్ రెస్టారెంట్లలో ఇది తప్పనిసరి. ఐస్‌బర్గ్‌లో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే, అందుకే వంటలో ఆరితేరినవాళ్లు దాన్ని చులకనగా చూస్తారు. నేను వాళ్లతో ఏకీభవించను. కాలిఫోర్నియా నుంచి రైలు పెట్టెల్లో మంచు కప్పి తూర్పు తీరం దాకా పంపినా చెడకుండా చేరేది అదొక్కటే, అందుకే ఒక తరం అమెరికన్లకు సలాడ్ అంటే అదే. ఉప్పటి, ఘాటైన చీజ్ పక్కన రుచి లేని చల్లదనమే కావాలి. ఆ పని ఐస్‌బర్గ్ చేసినంత బాగా ఇంకే ఆకూ చేయదు.

గ్రీక్ సలాడ్ అని చెప్పి గుట్టలుగా లెట్యూస్ పెడితే, అది గ్రీస్‌లో తినేది కాదని తెలుసుకోండి. అక్కడ దొరికే పల్లెటూరి సలాడ్‌లో ఆకులుండవు. పెద్ద పెద్ద టమాటా ముక్కలు, కీరా దోసకాయ, ఉల్లిపాయ, పచ్చి క్యాప్సికం, ఆలివ్ కాయలు, మీద ఒక పలక ఫెటా చీజ్, కాస్త ఒరెగానో, ఆలివ్ నూనె. అంతే. ఫెటాను పొడి చేసి చల్లరు, పలకగానే పెడతారు, మీరే ఫోర్కుతో విరుచుకోవాలి. అసలైన ఫెటా గొర్రె పాలతో, లేదా గొర్రె, మేక పాలు కలిపి చేసేది. యూరప్‌లో 2002 నుంచి ఆ పేరు గ్రీస్‌కే దక్కింది. చివర పళ్లెం అడుగున టమాటా రసం, నూనె, చీజ్ పొడి కలిసిన ద్రవం మిగులుతుంది. దాన్ని రొట్టెతో తుడుచుకుని తినడం అక్కడ మర్యాదే.

కాప్రీసే అంటే టమాటా, మొజరెల్లా, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు, ఆలివ్ నూనె. ఇటలీ జెండాలోని మూడు రంగులు. ఇందులో దాచడానికి ఏమీ లేదు కాబట్టి టమాటా పండే కాలంలో తప్ప దీన్ని తెప్పించకండి. అమెరికాలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా సరే. జనవరిలో న్యూజెర్సీలో కాప్రీసే చెప్పడం డబ్బు దండగ.

వాల్డార్ఫ్ సలాడ్ ఇప్పుడు అరుదు. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో 1890లలో పుట్టింది. ఆపిల్, సెలరీ కాడ, మయొనైజ్, తర్వాతి కాలంలో అక్రోటు చేరింది. కనబడితే ఒకసారి రుచి చూడండి, అంతకంటే ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు.

శాకాహారులు అడగాల్సిన ప్రశ్నలు

సలాడ్ కదా, కూరగాయలే కదా అనుకుని అడగకుండా చెప్పేస్తే ఇబ్బంది పడతారు. పైన చెప్పిన సీజర్ డ్రెస్సింగ్‌లో యాంకోవీ చేప ఉంటుంది. చేప ముక్క కనబడనంత మాత్రాన లేదనుకోవద్దు, డ్రెస్సింగ్‌లోనే నూరి ఉంటుంది. డ్రెస్సింగ్‌లో కలిపే వూస్టర్‌షైర్ సాస్‌లోనూ సాధారణంగా యాంకోవీ ఉంటుంది. పార్మేజాన్ చీజ్‌లో ఇంకో మెలిక ఉంది. ఇటలీలో చేసే అసలు పార్మిజానో రెజ్జానోకు పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. ఈ విషయంలో పట్టింపు ఉన్నవారు చీజ్ లేకుండా చెప్పుకోవాలి, లేదా ఏ రెనెట్ వాడారో అడగాలి. "ఇందులో చికెన్, బేకన్ ఉన్నాయా?" అని మాత్రమే అడిగితే వెయిటర్ లేవని నిజమే చెబుతాడు, చేప సంగతి అతనికి గుర్తు రాదు. అందుకని ప్రశ్న ఇలా వేయండి: "డ్రెస్సింగ్‌లో చేప, గుడ్డు ఉన్నాయా? రొట్టె ముక్కలు వేయించడానికి ఏ కొవ్వు వాడారు? బీన్స్ ఉడికించిన నీళ్లలో మాంసం రసం కలిపారా?" మొహమాటపడకండి. అమెరికాలో ఇలాంటి ప్రశ్నలు రోజూ వస్తాయి, వెయిటర్ లోపలికి వెళ్లి వంటవాడిని అడిగి వస్తాడు.

పచ్చి గుడ్డు సంగతి కూడా ఇక్కడే. బల్ల దగ్గర కలిపే సీజర్‌లో గుడ్డు సొన పచ్చిదే కావచ్చు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవయసువారు దాన్ని వదిలేయడం మంచిది. అమెరికన్ మెనూలో అడుగున చిన్న అక్షరాల్లో, నక్షత్రం గుర్తుతో, పచ్చి లేదా సరిగా ఉడకని పదార్థాల గురించి హెచ్చరిక ఉంటుంది. అది చదవండి.

థాయ్ రెస్టారెంటుకు వెళితే బొప్పాయి కాయ సలాడ్ మనవాళ్ల నాలుకకు బాగా పడుతుంది. పచ్చి బొప్పాయి కోరు, నిమ్మరసం, బెల్లం, వేరుశనగ, పచ్చిమిరప, అన్నీ రోట్లో వేసి దంచి చేస్తారు. కానీ అందులో చేపల సాస్, ఎండు రొయ్యలు మామూలే. అవి వద్దని చెబితే చాలా చోట్ల సోయా సాస్‌తో చేసిస్తారు. ఇక "థాయ్ కారం కావాలి" అని ధైర్యంగా చెప్పే ముందు గుంటూరు కారం తిన్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. అక్కడ మిరపకాయ చిన్నదే, పని పెద్దది.

డ్రెస్సింగ్ పక్కన పెట్టించాలా?

మనవాళ్లలో చాలామంది డ్రెస్సింగ్‌ను విడిగా చిన్న గిన్నెలో తెమ్మంటారు. కొవ్వు తగ్గించుకోవడానికి కొందరు, రుచి ఎలా ఉంటుందో అన్న అనుమానంతో కొందరు. నా సలహా చోటును బట్టి మారుతుంది. మంచి వంటగది ఉన్న చోట అలా అడగకండి. ఎందుకో చెప్పాలంటే ఆకుకు డ్రెస్సింగ్ ఎలా పడుతుందో చూడాలి.

నూనె, వెనిగర్ కలిపిన వినెగ్రెట్‌లో సాధారణంగా మూడు పాళ్లు నూనెకు ఒక పాలు వెనిగర్ లేదా నిమ్మరసం. వంటవాడు ఆకులను కడిగి, గాలికి తిప్పి, తడి పూర్తిగా ఆరనిచ్చి, పెద్ద స్టీలు గిన్నెలో వేసి, అంచు వెంబడి డ్రెస్సింగ్ పోసి చేతులతోనే పైకి కిందికి తిప్పుతాడు. తడి ఉంటే నూనె ఆకును అంటుకోదు, జారి అడుక్కు చేరుతుంది. పొడి ఆకు మీదైతే రెండు చెంచాల డ్రెస్సింగ్ మొత్తం గిన్నెకు పలచటి పొరలా పరుచుకుంటుంది. అదే మీరు పక్క గిన్నెలోంచి పళ్లెం మీద ఒంపితే, పై ఆకులు మునిగిపోతాయి, కింది ఆకులు ఎండిపోయి ఉంటాయి. చివరికి వంటవాడు వాడేదానికంటే మీరే ఎక్కువ పోసుకుంటారు.

పెద్ద గొలుసు రెస్టారెంట్లలో సంగతి వేరు. అక్కడ రాంచ్, థౌజండ్ ఐలండ్, హనీ మస్టర్డ్ వంటి చిక్కటి డ్రెస్సింగులను గరిటెతో ధారాళంగా పోస్తారు. అక్కడ విడిగా తెప్పించుకోవడమే తెలివి. తెచ్చాక ఒంపకండి. ఫోర్కు మొనలను ముందు డ్రెస్సింగ్‌లో ముంచి, తర్వాత ఆకులు గుచ్చుకోండి. ప్రతి ముద్దకూ సరిపడినంతే అంటుతుంది.

రాంచ్ గురించి ఒక మాట. పుల్లటి మజ్జిగ, మయొనైజ్, వెల్లుల్లి, ఉల్లి పొడి, మూలికలతో చేసేది. 1950లలో కాలిఫోర్నియాలోని హిడెన్ వ్యాలీ రాంచ్ నుంచి వ్యాపించింది. పెరుగు, మజ్జిగ అలవాటున్న మన నోటికి మొదటి ముద్దలోనే నచ్చుతుంది, అందుకే మనవాళ్లు అక్కడే ఆగిపోతారు. రెండు మూడు సార్లు అది తిన్నాక, ధైర్యం చేసి నిమ్మరసంతో చేసిన వినెగ్రెట్ అడగండి. ఆకు రుచి అప్పుడే తెలుస్తుంది.

పళ్లెం వచ్చాక: ముందు కళ్లతో

ఫోర్కు ఎత్తే ముందు కాసేపు చూడండి. పళ్లెం చల్లగా ఉందా? అంచును వేలితో తాకితే తెలిసిపోతుంది. శ్రద్ధ ఉన్న చోట సలాడ్ పళ్లాలను ఫ్రిజ్‌లో ఉంచి తీస్తారు. వేడి నీళ్లతో కడిగిన పళ్లేన్ని వెచ్చగా ఉండగానే తెస్తే ఆకులు మీ కళ్ల ముందే వాలిపోతాయి. అడుగున నీళ్లు చేరాయా? చేరితే ఆకులు ఆరబెట్టలేదన్నమాట. ఆకు కోసిన అంచు గోధుమ రంగుకు తిరిగిందా? పొద్దున్నే కోసి పెట్టారని అర్థం. ఉల్లిపాయ ముక్క కాగితంలా పలచగా ఉందా, వేలంత మందంగా ఉందా? పలచగా ఉంటే వంటగదిలో కత్తి పట్టడం వచ్చినవాడు ఉన్నాడు.

ఆకులను గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. రోమెయిన్ నిలువుగా, గట్టి ఈనెతో ఉంటుంది. బటర్ లెట్యూస్ పట్టులా మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. అరుగులా ఘాటుగా ఆవాల వాసన వేస్తుంది. ఎర్రటి రడీకియో చేదు. కేల్ ముదురు, గట్టిది. దాన్ని నూనె, ఉప్పుతో నలిపి మెత్తబరచకుండా పెడితే పశువుల మేతే. కాకరకాయ తినేవాళ్లకు రడీకియో చేదు లెక్కలోది కాదు. మొదటి ముద్ద వింతగా ఉన్నా, నారింజ తొనలూ చీజ్ ముక్కలూ ఉన్న సలాడ్‌లో ఆ చేదే అన్నింటినీ నిలబెడుతుంది.

తినే తీరు

బల్ల మీద ఎడమవైపు రెండు ఫోర్కులుంటే, బయటివైపున్న చిన్నది సలాడ్‌కు. పొరపాటున పెద్దది తీసుకున్నా కొంపేమీ మునగదు, వెయిటర్ ఇంకొకటి తెస్తాడు. పెద్ద ఆకు ఉంటే దాన్ని మొత్తం నోట్లో కుక్కుకోకండి. ఆకును కత్తితో కోయకూడదన్న పాత మర్యాద వెండి కత్తుల కాలం నాటిది, వెనిగర్ తగిలితే ఆ కత్తులు నల్లబడేవి. ఇప్పటి స్టీలు కత్తికి ఆ భయం లేదు. హాయిగా కోసుకోండి, లేదా ఫోర్కుతో మడిచి తినండి.

మొదట ఏమీ కలవని ఒక ఆకును తినండి. ఆ తర్వాత డ్రెస్సింగ్ పట్టిన ఆకు. ఆ పైన చీజ్, గింజ, పండు ముక్క కలిసిన ముద్ద. ఇలా మూడు ముద్దలు నెమ్మదిగా తింటే ఆ సలాడ్‌ను ఎవరు, ఎందుకు అలా కూర్చారో అర్థమవుతుంది. వెయిటర్ పొడవాటి మిరియాల మర తెచ్చి "వేయమంటారా?" అని అడిగితే, ముందు ఒక ముద్ద తిని అప్పుడు చెప్పండి. అతను ఆగుతాడు, ఆగకపోయినా మళ్లీ పిలవొచ్చు. బల్ల మీది ఉప్పు చల్లాలన్న కోరికను కాసేపు ఆపుకోండి. చీజ్, ఆలివ్, యాంకోవీ అన్నింటిలోనూ ఉప్పుంది. పైగా ఉప్పు తగిలిన ఆకు నీరు వదిలేస్తుంది.

ఆ కారణంగానే డ్రెస్సింగ్ కలిపిన సలాడ్‌ను మాటల్లో పడి అరగంట వదిలేయకూడదు. పది నిమిషాల్లో అది మెత్తబడటం మొదలవుతుంది. తొందరపడాల్సిన పని లేదు, పక్కన పెట్టి మరిచిపోవద్దు, అంతే.

వెడ్జ్ తినేటప్పుడు చాలామంది తికమకపడతారు. గడ్డ నిలబడి ఉంటుంది, డ్రెస్సింగ్ పైన కారుతుంటుంది. ముందు దాన్ని పక్కకు పడుకోబెట్టండి. కొస నుంచి మొదలుపెట్టి కత్తితో అడ్డంగా ఒక్కో ముక్క కోసుకుంటూ, పళ్లెంలోకి జారిన చీజ్‌ను, బేకన్‌ను దానితో ఎత్తుకుంటూ మొదలు దాకా రండి. మొదలులో తెల్లటి గట్టి భాగం వదిలేయవచ్చు.

ఇక వేగం. అమెరికాలో రద్దీ ఉన్న రెస్టారెంట్లలో మీరు సలాడ్ ముగించకుండానే ముఖ్య వంటకం తెచ్చి పెట్టేస్తారు. అప్పుడు వేడి వంటకం చల్లారుతుందని సలాడ్ వదిలేస్తారు. చెప్పేటప్పుడే "సలాడ్ అయ్యాకే మిగతాది తీసుకురండి" అని ఒక మాట అనండి. ముగించాక ఫోర్కు, కత్తి రెండూ పక్కపక్కనే పళ్లెం మీద ఒకే వైపు ఆనించి ఉంచితే, తీసుకెళ్లవచ్చని వెయిటర్‌కు తెలుస్తుంది. విడివిడిగా ఉంచితే ఇంకా తింటున్నారని అర్థం.

సలాడ్ బార్ దగ్గర

ఖాళీ చేతులతో ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి రండి. ఆ తర్వాతే పళ్లెం తీసుకోండి. లేదంటే మొదట్లో ఉన్న ఐస్‌బర్గ్, క్యారట్ కోరుతోనే పళ్లెం నిండిపోతుంది, అసలైన వేయించిన బీట్‌రూట్, శనగలు, ఆర్టిచోక్ అవతలి చివర ఉంటాయి. ఇక్కడ చల్లదనం రుచికే కాదు, ఆరోగ్యానికీ అవసరం. అమెరికా ఆహార నియమాల ప్రకారం చల్లటి పదార్థాలను 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ వేడిమిలో ఉంచాలి. గిన్నెల కింద మంచు కరిగి నీళ్లయి ఉంటే, మయొనైజ్ కలిపిన బంగాళాదుంప, పాస్తా సలాడ్‌ల జోలికి వెళ్లకండి. రెండోసారి వెళ్లేటప్పుడు కొత్త పళ్లెం తీసుకోవాలి, ఎంగిలి పళ్లెంతో వెళ్లకూడదు. ఈ నియమం మనకు పుట్టుకతో వచ్చిందే.

పచ్చి ఆకుల విషయంలో నిజమైన జాగ్రత్త ఒకటి ఉంది. 2018 నవంబర్‌లో ఈ-కోలై బ్యాక్టీరియా వల్ల జనం జబ్బు పడటంతో, సరిగ్గా థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు, రోమెయిన్ లెట్యూస్ అసలే తినవద్దని అమెరికా ఆరోగ్య అధికారులు ప్రకటించారు. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు బాధ్యత గల రెస్టారెంట్లు ఆ ఆకును మెనూలోంచి తీసేస్తాయి. తీయకపోతే మీరే అడగండి.

ఇంటి దగ్గరి రెస్టారెంట్లో

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ రెస్టారెంటుకు వెళ్లినా మెనూలో "గ్రీన్ సలాడ్" ఉంటుంది. చక్రాలుగా కోసిన ఉల్లి, కీరా, క్యారట్, టమాటా, ఒక్కోసారి బీట్‌రూట్, రెండు నిమ్మ చెక్కలు, పచ్చిమిరపకాయ. దీనికి డ్రెస్సింగ్ మీరే చేసుకోవాలి, అక్కడే దాని రుచి దాగి ఉంది. రాగానే నిమ్మ పిండేయకండి. బిర్యానీ బల్ల మీదకు వచ్చాక, ఉల్లి మీద నిమ్మరసం, చిటికెడు ఉప్పు, ఉంటే కాస్త కారం వేసి చేత్తో కలిపి అప్పటికప్పుడు తినండి. కీరాకు ఉప్పు తగలనివ్వకండి, నిమ్మ చాలు. బీట్‌రూట్ ముక్కలను ముందే పక్కకు తీయకపోతే అన్నీ గులాబీ రంగులోకి మారతాయి. కోసిన ముక్కల అంచులు తడిగా మెరుస్తుంటే అప్పుడే కోసినట్టు, ఎండి ముడుచుకుని ఉంటే పొద్దుటివి. పొద్దుటివైతే మార్చమని అడగడంలో తప్పు లేదు. వానాకాలంలో, నీళ్ల శుభ్రత మీద నమ్మకం లేని చోట పచ్చి ముక్కలను వదిలేయండి.

ఈ నగరాల్లో లెబనీస్ వంటల రెస్టారెంట్లు కూడా వచ్చాయి. అక్కడ ఫత్తూష్ తప్పక చెప్పండి. కాల్చిన లేదా వేయించిన రొట్టె ముక్కలు, కీరా, టమాటా, ముల్లంగి, పుదీనా, మీద సుమాక్ అనే ఎర్రటి పుల్లటి పొడి. చింతపండు, మామిడికాయ మీద పెరిగిన నాలుకకు ఆ పులుపు వెంటనే పడుతుంది. తబూలే చెబితే పళ్లెం పచ్చగా ఉండాలి. అందులో ప్రధానం పార్స్లీ ఆకు, గోధుమ నూక కొద్దిగానే. ఉప్మాలా నూక ఎక్కువ కనబడితే ఆకు ఖర్చు మిగుల్చుకున్నారన్నమాట.

మిగిలితే

డ్రెస్సింగ్ కలిపిన ఆకులను పొట్లం కట్టించి ఇంటికి తీసుకెళ్లకండి, తెల్లారేసరికి అవి ముద్దవుతాయి. సగమే తినగలమని ముందే అనిపిస్తే, కలపకుండా సగాన్ని, డ్రెస్సింగ్‌ను వేర్వేరు డబ్బాల్లో పెట్టి ఇమ్మని మొదట్లోనే చెప్పండి. గ్రీక్ సలాడ్ మాత్రం మిగిలినా నష్టం లేదు. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొద్దున గుడ్డు అట్టులోకి తరిగి వేసుకోండి. అందులో ఫెటా ఉంటుంది కాబట్టి అట్టుకు వేరే ఉప్పు వేయనక్కర్లేదు.